బొగ్గుపులుసు వాయువుకు ఉమ్మడి మార్గం: కోల్‌కతా నేర్పే పాఠాలు

(ప్రసంగ పాఠం)

పొగను చట్టానికి లోబరచడానికి మన దేశంలో తొలి ప్రయత్నాలు జరిగిన నగరం కోల్‌కతా. కలకత్తా, హౌరా పట్టణాలలో పొగ ఉపద్రవాన్ని అరికట్టడానికి 1863లోనే ఒక శాసనం వచ్చింది. 1905లో బెంగాల్ పొగ ఉపద్రవాల చట్టం అమలులోకి వచ్చి, పొగను పర్యవేక్షించే సంఘమూ, కర్మాగారాలను తనిఖీ చేసే అధికారులూ ఏర్పడ్డారు. హుగ్లీ నదికి ఇరుదరులా వెలసిన జూట్ మిల్లుల పొగగొట్టాలు నగరానికి సంపదతోపాటు మసిని కూడా పంచిపెట్టిన కాలమది. ఆ మిల్లులలో పనిచేయడానికి టిటాగఢ్ వంటి చోట్లకు ఉత్తరాంధ్ర నుండి వలసవచ్చిన కుటుంబాలు కూడా ఆ గాలినే పీల్చాయి.

నాటి చట్టాలు పట్టించుకున్నది కంటికి కనిపించే నల్లని పొగను మాత్రమే. బొగ్గు పూర్తిగా మండితే పొగ తగ్గుతుంది, ఇంధనం ఆదా అవుతుంది. కనుక మిల్లు యజమాని ప్రయోజనమూ, పౌరుని ప్రయోజనమూ ఒకే దిశలో నడిచాయి. నేడు దేశం ముందున్న సమస్య అంత సులువైనది కాదు. బొగ్గు ఎంత చక్కగా మండినా వెలువడక తప్పనిది, రంగు లేనిది, వాసన లేనిది అయిన బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, ఇప్పటి సమస్య. దానిని పట్టి నిల్వచేయడం ఏ ఒక్క కర్మాగారానికీ తనంతట లాభసాటి కాదు; ఏ ఒక్క కర్మాగారం వల్లనూ అయ్యే పని కూడా కాదు. దానికి ఉమ్మడి గొట్టాలు, ఉమ్మడి నిల్వస్థలాలు, ఉమ్మడి బాధ్యత కావాలి. ఉమ్మడి వ్యవస్థలు ఎలా నిలుస్తాయో, ఎక్కడ తడబడతాయో చెప్పగల అనుభవం కోల్‌కతా నగరానికి పుష్కలంగా ఉన్నది.

తప్పించుకోలేని వాయువు

ఒక టన్ను కర్బనం మండితే సుమారు 3.67 టన్నుల బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. విద్యుత్తు విషయంలో సూర్యరశ్మి, గాలి, నీరు, అణుశక్తి బొగ్గుకు బదులుగా నిలవగలవు. కొన్ని పరిశ్రమలకు అటువంటి ప్రత్యామ్నాయం సులభంగా దొరకదు. సిమెంటునే తీసుకుంటే, స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగిలి, 44 కిలోల బొగ్గుపులుసు వాయువు లేచిపోతుంది. ఇది ఇంధనం వల్ల వచ్చేది కాదు, రాయిలోనే ఉన్నది. బట్టీని సూర్యశక్తితో వేడిచేసినా ఈ వాయువు రాక మానదు. సిమెంటు పరిశ్రమ వెలువరించే మొత్తంలో సగానికి పైగా ఇటువంటిదే.

ఉక్కు సంగతి కూడా ఇంచుమించు అంతే. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్ బొగ్గు వేడిని మాత్రమే ఇవ్వదు. ఇనుప ఖనిజంలోని ఆమ్లజనిని తనతో కలుపుకొని ఇనుమును విడదీస్తుంది. ఈ పద్ధతిలో ఒక టన్ను ఉక్కుకు రెండు టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. ఖనిజం నుండి ఇనుమును వేరుచేయడానికి ఉదజని వాయువును వాడే పద్ధతులు వస్తున్నాయి. అయితే జంషెడ్‌పూర్, బర్న్‌పూర్, దుర్గాపూర్, రూర్కెలా, బొకారోలలో నెలకొన్న కొలుములు మరికొన్ని దశాబ్దాలు పనిచేయవలసినవే. ఈ కేంద్రాలన్నీ కోల్‌కతా నుండి రైలులో ఒక రాత్రి ప్రయాణం లోపల, పశ్చిమ బెంగాల్, ఝార్ఖండ్, ఒడిశా రాష్ట్రాలలో విస్తరించి ఉన్నాయి. బొగ్గు గనులు, ఉష్ణ విద్యుత్కేంద్రాలు, సిమెంటు, ఎరువుల కర్మాగారాలు వాటిని అల్లుకొని ఉన్నాయి. వీటిపై ఆధారపడిన కుటుంబాలు లక్షలు.

2021 నవంబరులో గ్లాస్గో సమావేశంలో భారతదేశం 2070 నాటికి నికర ఉద్గారాలను సున్నాకు తెస్తామని ప్రకటించింది. ఇంతలో విదేశీ మార్కెట్ల ద్వారాల వద్ద కూడా లెక్కలు అడగడం మొదలైంది. ఐరోపా సమాజం దిగుమతి అయ్యే ఉక్కు, సిమెంటు, అల్యూమినియం, ఎరువుల వంటి వస్తువుల వెనుకనున్న కర్బనంపై సుంకం విధించే ఏర్పాటును 2023 అక్టోబరులో నివేదికలతో ప్రారంభించి, 2026 జనవరి నుండి పూర్తిగా అమలులోకి తెచ్చింది. ఈ విధానం న్యాయమైనదా కాదా అనే వాదం ఉండనే ఉన్నది. మన దేశపు తలసరి ఉద్గారాలు ప్రపంచ సగటు కంటె తక్కువ అన్నది వాస్తవం. కాని దుర్గాపూర్‌లో ఉక్కు తీసే కార్మికుని ఉద్యోగం ఇకపై పొగగొట్టం నుండి ఏమి పోతున్నదన్న విషయంపై కూడా కొంత ఆధారపడి ఉంటుందన్నది అంతే వాస్తవం.

పట్టడం ఒక ఎత్తు, దాచడం ఒక ఎత్తు

బొగ్గుపులుసు వాయువును పట్టే విద్య మన దేశానికి కొత్త కాదు. పొగను చల్లార్చి, ఎమైన్ అనే రసాయన ద్రావణం గుండా పంపితే ఆ ద్రావణం బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది. ద్రావణాన్ని వేరొక స్తంభంలో సుమారు 120 డిగ్రీల వరకు వేడిచేస్తే వాయువు శుద్ధరూపంలో బయటపడుతుంది. ద్రావణం మళ్లీ పనికి వస్తుంది. ఎరువుల కర్మాగారాలలో ఇటువంటి ప్రక్రియ చాలాకాలంగా వాడుకలో ఉన్నది.

2016లో తమిళనాడులోని తూత్తుకుడిలో ఒక క్షార రసాయన కర్మాగారం తన బొగ్గు బాయిలరు పొగ నుండి ఏడాదికి 60,000 టన్నుల వాయువును పట్టి సోడా తయారీకి వాడుకునే ఏర్పాటు చేసుకున్నది. దానికి తోడ్పడిన సాంకేతిక సంస్థను స్థాపించినవారు ఖరగ్‌పూర్ ఐఐటీ పట్టభద్రులు. తరతరాలుగా తెలుగు రైల్వే కుటుంబాలు స్థిరపడిన ఆ పట్టణం ఈ కొత్త విద్యకు ఒక పుట్టినిల్లు కావడం గమనార్హం. 2021 సెప్టెంబరులో జంషెడ్‌పూర్‌లోని టాటా ఉక్కు కర్మాగారం బ్లాస్ట్ ఫర్నేస్ వాయువు నుండి రోజుకు 5 టన్నులు పట్టే యంత్రాగారాన్ని ప్రారంభించింది. 2022లో ఎన్‌టిపిసి సంస్థ వింధ్యాచల్ విద్యుత్కేంద్రంలో రోజుకు 20 టన్నులు పట్టే ఏర్పాటు చేసింది.

ఇవి ప్రశంసించదగిన ప్రారంభాలు. అయితే వీటి పరిమాణాన్ని కూడా చూడాలి. రోజుకు 5 టన్నులంటే ఏడాదికి 1,825 టన్నులు. ఏడాదికి కోటి టన్నుల ఉక్కు తీయగల కర్మాగారం నుండి వెలువడే వాయువు రెండు కోట్ల టన్నులకు మించుతుంది. పట్టినదానిని సోడాగానో, మిథనాల్‌గానో, శీతల పానీయాలలోనో వాడుకోవచ్చు. కాని దేశంలోని సోడా, పానీయాల అవసరమంతా కలిపినా ఒక పెద్ద ఉక్కునగరం విడిచే వాయువు ముందు స్వల్పమే. పైగా పానీయంలో కలిపిన వాయువు సీసా మూత తీయగానే తిరిగి గాలిలో కలుస్తుంది. కనుక పట్టినదానిలో అధికభాగాన్ని భూగర్భంలో శాశ్వతంగా దాచక తప్పదు.

దాచే పద్ధతికి ప్రకృతే దారి చూపింది. మామూలు స్థితిలో ఒక టన్ను బొగ్గుపులుసు వాయువు సుమారు 500 ఘనమీటర్ల చోటు ఆక్రమిస్తుంది. 31 డిగ్రీలకు, 73 వాతావరణ పీడనాలకు మించిన స్థితిలో అది ద్రవం వలె చిక్కబడుతుంది. భూమిలో 800 మీటర్ల లోతు దాటితే సాధారణంగా అటువంటి స్థితి ఉంటుంది. అక్కడ అదే టన్నుకు రెండు ఘనమీటర్ల లోపు చోటు చాలుతుంది. ఆ లోతులో ఉప్పునీటితో నిండిన ఇసుకరాతి పొరలు, చమురు తీసివేసిన బావులు, తవ్వడానికి వీలుకాని బొగ్గుపొరలు, బసాల్ట్ అనే నల్లని అగ్నిశిలలు నిల్వస్థలాలుగా ఉపయోగపడవచ్చు. నార్వే దేశం 1996 నుండి ఉత్తర సముద్రంలోని స్లెయిప్నర్ వద్ద ఈ వాయువును సముద్రగర్భపు ఇసుకరాతిలోకి పంపుతున్నది.

ఉమ్మడి ఎందుకు?

పట్టడం కర్మాగారం ప్రహరీలోపలి పని. మోయడం, దాచడం మాత్రం ప్రహరీ బయటి పనులు. ప్రతి కర్మాగారమూ తన గొట్టం తాను వేసుకొని, తన బావి తాను తవ్వుకోవడమంటే, ప్రతి ఊరూ తన రైలుమార్గం తాను వేసుకున్నట్లే. గొట్టం వ్యాసం రెట్టింపైతే దానిలో ప్రవహించగల పరిమాణం నాలుగు రెట్లకు మించుతుంది. కందకం, సర్వే, భూమి, పర్యవేక్షణల వ్యయం మాత్రం ఆ నిష్పత్తిలో పెరగదు. అందువల్ల పదిమంది కలిసి వేసిన పెద్ద గొట్టంలో టన్నుకు పడే ఖర్చు ఎంతో తక్కువ.

ఇందులో చిన్నవారి ప్రశ్న కూడా ఇమిడి ఉన్నది. భారీ ఉక్కు సంస్థ తన సొంత గొట్టానికి పెట్టుబడి తేగలదేమో. ఆసన్‌సోల్, దుర్గాపూర్ ప్రాంతపు మధ్యతరహా స్పాంజి ఇనుము కర్మాగారం తేలేదు. ఉమ్మడి మార్గం లేనిదే కర్బన సంగ్రహణ పెద్ద సంస్థల సౌకర్యంగానే మిగిలిపోతుంది. హౌరాలోని చిన్న పోతపోసే కొలుముల వంటివాటికైతే ఈ విద్యకంటె మెరుగైన కొలిమి, శుభ్రమైన ఇంధనమే తగిన మార్గం. ఏ పరిశ్రమకు ఏది తగునో విభజించి చూడడం కూడా ప్రణాళికలో భాగమే.

నార్వే చూపిన పద్ధతి ఇక్కడ పరిశీలించదగినది. బ్రేవిక్ పట్టణంలోని సిమెంటు కర్మాగారం ఏడాదికి 4 లక్షల టన్నుల వాయువును పట్టే ఏర్పాటును 2025 జూన్‌లో ప్రారంభించింది. ఆ వాయువు ద్రవరూపంలో ఓడలకెక్కి, పడమటి తీరంలోని ఒక ఉమ్మడి రేవుకు చేరుతుంది. అక్కడినుండి సుమారు 100 కిలోమీటర్ల గొట్టం ద్వారా సముద్రం అడుగున 2,600 మీటర్ల లోతునకు పోతుంది. 2025 ఆగస్టులో అక్కడ తొలిసారి వాయువును భూగర్భంలోకి పంపారు. ఆ రేవును ఒక కర్మాగారం కోసం కాక, ఇతర దేశాల కర్మాగారాలు సైతం రుసుము చెల్లించి వాడుకునేందుకు కట్టారు. ఆరంభ వ్యయంలో అధికభాగాన్ని నార్వే ప్రభుత్వమే భరించింది. ముందుగా వచ్చేవాడు లేనిదే మార్గం వేయరు. మార్గం లేనిదే ముందుగా ఎవరూ రారు. ఈ చిక్కుముడిని విప్పగలిగేది ప్రభుత్వమే.

మన దేశంలో కూడా ఆలోచన ఈ దిశగానే సాగుతున్నది. నీతి ఆయోగ్ 2022 నవంబరులో వెలువరించిన నివేదిక పరిశ్రమల సముదాయాలకు ఉమ్మడి కేంద్రాలను సూచించి, 2050 నాటికి ఏడాదికి 75 కోట్ల టన్నుల సంగ్రహణ సామర్థ్యాన్ని ఊహించింది. విద్యుత్తు, ఉక్కు, సిమెంటు, చమురుశుద్ధి, రసాయనాలు అనే ఐదు రంగాలలో ఈ విద్యను పెంపొందించడానికి 2026-27 కేంద్ర బడ్జెటులో ఐదేళ్ల కాలానికి 20,000 కోట్ల రూపాయలు ప్రతిపాదించారు. ధనం కదలడం మొదలైంది కనుక నియమాలు కూడా త్వరగా కదలవలసి ఉన్నది. ఇక్కడే కోల్‌కతా అనుభవం అక్కరకు వస్తుంది.

మొదటి పాఠం: గ్యాసు గొట్టాలు

కర్మాగారపు వాయువును గొట్టాలలో ఊరంతా పంచడం కోల్‌కతాకు కొత్త కాదు. 1857లో ఓరియంటల్ గ్యాస్ కంపెనీ బొగ్గు నుండి తీసిన వాయువుతో నగర వీథులలో దీపాలు వెలిగించింది. స్వాతంత్ర్యానంతరం, డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో దుర్గాపూర్‌లో కోక్ బట్టీలు నెలకొల్పి, అక్కడ పుట్టే వాయువును గొట్టపు మార్గం ద్వారా కలకత్తాకు తేవాలన్న యోజన రూపొందింది; 1960 దశకంలో అది కార్యరూపం ధరించింది. ఒకచోట వ్యర్థమయ్యే వాయువు మరొకచోట వంటింటి పొయ్యిని వెలిగించింది. దుర్గాపూర్ నుండి వాయువును మోసే మార్గం సాధ్యమా అని నేడు అడిగేవారికి ఆ చరిత్రే సమాధానం.

అయితే ఆ గొట్టాల వెంట ఒక రాజ్యాంగ ప్రశ్న కూడా వచ్చింది. 1960లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఓరియంటల్ గ్యాస్ కంపెనీ నిర్వహణను చట్టం ద్వారా తన చేతిలోకి తీసుకోగా, దానిని అప్పటివరకు నిర్వహిస్తున్న సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. పరిశ్రమలపై కేంద్రానికి అధికారం ఉండగా రాష్ట్రం ఇటువంటి చట్టం చేయవచ్చునా అన్నది వివాదం. 1962లో న్యాయస్థానం రాష్ట్ర చట్టాన్ని సమర్థించింది. గ్యాసు, గ్యాసు కర్మాగారాలు అనే అంశం రాష్ట్రాల జాబితాలో ప్రత్యేకంగా ఉన్నందున దానిపై అధికారం రాష్ట్రానిదే అని తేల్చింది. ఆ తీర్పును వెలువరించినవారు రాజమహేంద్రవరానికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు. వారే తరువాత భారత ప్రధాన న్యాయమూర్తి అయినారు.

నాలుగు దశాబ్దాల తరువాత ఆ ప్రశ్న మరో రూపంలో తిరిగి వచ్చింది. సహజవాయువు రవాణాపై గుజరాత్ చేసిన చట్టాన్ని 2004లో సుప్రీంకోర్టు చెల్లదని ప్రకటించింది. సహజవాయువు చమురు కోవకు చెందినది కనుక అది కేంద్రం పరిధిలోనిదని నిర్ణయించింది. 2006లో పార్లమెంటు పెట్రోలియం, సహజవాయువుల నియంత్రణ మండలి చట్టం చేసింది. ఒకరు వేసిన గొట్టాన్ని ఇతరులు కూడా న్యాయమైన రుసుముతో వాడుకునే సూత్రం ఆ చట్టంలో ఉన్నది.

బొగ్గుపులుసు వాయువు ఈ రెండు తీర్పులలో దేని నీడలోకి వస్తుంది? అది బొగ్గువాయువు వలె తయారుచేసి అమ్మే సరుకు కాదు, సహజవాయువు వలె భూమి నుండి తీసే ఇంధనమూ కాదు. దారి పొడుగునా వ్యర్థంగా ప్రయాణించి, గమ్యంలో నిక్షేపంగా మారే పదార్థమిది. జంషెడ్‌పూర్‌లో బయలుదేరి, బెంగాల్ మీదుగా సముద్రం వైపు సాగే గొట్టంపై ఎవరి అనుమతి చెల్లుతుంది? భూగర్భపు పొరలపై హక్కు ఎవరిది? ఈ సంగతులు న్యాయస్థానాలు తేల్చేదాకా ఆగడం కంటె, రాష్ట్రాలతో సంప్రదించి పార్లమెంటు ముందుగానే స్పష్టమైన శాసనం చేయడం మేలు. కోర్టులో గడిచే ప్రతి సంవత్సరమూ కొలుముల పొగ గాలిలోకి పోయే సంవత్సరమే.

రెండవ పాఠం: దామోదర లోయ

ఉమ్మడి వ్యయాన్ని పంచుకోవడం ఎలా అనే ప్రశ్నకు కోల్‌కతా ప్రధాన కార్యాలయంగా గల దామోదర్ లోయ సంస్థ జీవితమే ఒక పాఠ్యగ్రంథం. 1943 జూలైలో దామోదర నది గట్టు తెగి, గ్రాండ్ ట్రంక్ రోడ్డునూ, రైలుమార్గాన్నీ ముంచివేసింది. యుద్ధకాలంలో కలకత్తాకు మిగిలిన దేశంతో రాకపోకలు వారాల తరబడి తెగిపోయాయి. శాస్త్రజ్ఞుడు మేఘనాథ్ సాహా సభ్యుడుగా ఉన్న విచారణ సంఘం, అమెరికాలోని టెన్నెసీ లోయ తరహా సంస్థను సూచించింది. ఆ ఫలితంగా 1948 జూలై 7న కేంద్రం, పశ్చిమ బెంగాల్, బీహారు భాగస్వాములుగా ఈ సంస్థ అవతరించింది. తిలైయా, కోనార్, మైథాన్, పంచేత్ ఆనకట్టలు 1953, 1959 సంవత్సరాల మధ్య పూర్తయ్యాయి.

ఆ సంస్థను ఏర్పరచిన చట్టంలోని ఒక గుణం నేటికీ ఆదర్శప్రాయం. ఖర్చు ఎవరెంత భరించాలో అది పని మొదలు కాకముందే నిర్దేశించింది. విద్యుత్తుపై పెట్టుబడిని మూడు ప్రభుత్వాలు సమానంగా పంచుకోవాలి. నీటిపారుదలపై పెట్టుబడిని ఏ రాష్ట్రం ఎంత నీరు తీసుకుంటానని హామీ ఇచ్చిందో ఆ నిష్పత్తిలో భరించాలి. వరద నివారణకు 14 కోట్ల రూపాయల వరకు కేంద్రం, పశ్చిమ బెంగాల్ చెరిసగం. అంతకు మించినది పశ్చిమ బెంగాల్ బాధ్యత. ఎవరికి ప్రయోజనమో వారిపై భారం అన్న సూత్రం అందులో ఇమిడి ఉన్నది.

చట్టం చెప్పినంత స్పష్టంగా అన్నీ నడవలేదు. జలాశయాలలో మునిగిన గ్రామాలలో అధికభాగం ఎగువన, నాటి బీహారులో ఉండగా, వరద రక్షణ దిగువన బెంగాల్‌కు దక్కింది. ఇండ్లు, పొలాలు వదలిన సంతాల్ కుటుంబాలకు ఆ ఆనకట్టల వెలుగు చాలాకాలం అందలేదు. మొదట తలచిన ఆనకట్టలన్నీ కట్టలేదు. మైథాన్, పంచేత్ జలాశయాల ఎగువ భూముల సేకరణ పూర్తికాక, వరదనీటి నిల్వకు ఉద్దేశించిన చోటులో కొంత ఉపయోగంలోకి రాలేదు. 2024 సెప్టెంబరు వరదల వేళ నీటి విడుదలపై పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికి, సంస్థకు మధ్య మళ్లీ వివాదం రేగింది. వ్యయాన్ని పంచుకునే సూత్రం వ్రాసినంత జాగ్రత్తగా, కష్టాన్ని పంచుకునే సూత్రాన్ని వ్రాయకపోవడమే దీని వెనుకనున్న లోపం.

బొగ్గుపులుసు వాయువు విషయంలో ఈ లోపం పునరావృతం కారాదు. వాయువు ఒక రాష్ట్రంలో పుడుతుంది, రెండవ రాష్ట్రం మీదుగా పోతుంది, మూడవచోట దాగుతుంది. ఉక్కు అమ్మిన లాభం మొదటిదానికి, గొట్టం కింద భూమి రెండవదానిది, నిల్వ కాపలా మూడవదానికి అయితే, ఆ ముగ్గురి మధ్య న్యాయం ముందే తూచవలసి ఉన్నది.

భూమి ఏమి చెబుతున్నది

తూర్పు భారతంలో దాచగల చోట్లు వెదకడానికి కోల్‌కతాకంటె తగిన కేంద్రం లేదు. 1851లో బొగ్గు అన్వేషణ ప్రధానోద్దేశంగా ఆరంభమైన భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ కేంద్ర కార్యాలయం ఇక్కడే ఉన్నది. 1975లో ఏర్పడిన కోల్ ఇండియా కూడా ఇక్కడిదే. రాజమహల్ కొండల బసాల్ట్ శిలలు, తవ్వ వీలులేని లోతైన బొగ్గుపొరలు, బెంగాల్ పల్లపు ప్రాంతపు అవక్షేప పొరలు పరిశోధించవలసినవి. బసాల్ట్ విశేషమేమంటే, నీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువు ఆ శిలలోని సున్నంతో, మెగ్నీషియంతో కలిసి రాయిగా మారుతుంది. ఐస్‌లాండ్‌లో 2012లో భూమిలోకి పంపిన వాయువులో 95 శాతానికి పైగా రెండేళ్లలోపే రాయిగా మారినట్లు 2016లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. దక్కను బసాల్ట్ శిలలపై హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కూడా అధ్యయనాలు చేసింది.

నీతి ఆయోగ్ నివేదిక దేశపు భూగర్భ నిల్వ సామర్థ్యాన్ని 40,000 నుండి 60,000 కోట్ల టన్నులుగా అంచనా వేసింది. ఇది పటంపై వేసిన లెక్క. గనిలో బొగ్గు ఉన్నదనడానికీ, తవ్వి తీసిన బొగ్గుకూ ఎంత తేడానో, ఈ అంచనాకూ, పరీక్షించిన నిల్వకూ అంత తేడా. బావులు తవ్వి, పైపొర బిగువు పరీక్షించి, భూకంప స్వభావం తెలుసుకున్న తరువాతనే గొట్టం ఎటు వేయాలో నిర్ణయించాలి. ఈ అన్వేషణ వ్యయం లాభాపేక్ష గల సంస్థలు భరించేది కాదు. అది జాతి పెట్టవలసిన తొలి పెట్టుబడి.

తెలుగువారికి కూడా ఇది దూరపు ముచ్చట కాదు. కృష్ణానదికి ఒకవైపు నల్లగొండ, సూర్యాపేట, మరొకవైపు పల్నాడు సున్నపురాయి నేలలపై వెలసిన సిమెంటు కర్మాగారాలు 2014 తరువాత రెండు రాష్ట్రాలలో ఉన్నాయి. విశాఖపట్నంలో ఉక్కు కర్మాగారం, చమురుశుద్ధి కర్మాగారం పక్కపక్కనే ఉన్నాయి. కృష్ణా గోదావరి లోయలో చమురు, వాయువు తీసిన పొరలు ఉన్నాయి. దామోదర తీరంలో తేలే న్యాయమే రేపు కృష్ణాతీరానికి కూడా ఆధారమవుతుంది.

పొలం కింది గొట్టం

గొట్టం సాగేది పటాలపై కాదు, పొలాల కింద. పెట్రోలియం, ఖనిజాల గొట్టాలకై 1962లో వచ్చిన చట్టం ప్రకారం భూమి యాజమాన్యం రైతుకే ఉంటుంది, గొట్టం వేసుకునే హక్కు మాత్రం సంస్థకు వస్తుంది. ఆ పట్టీపై రైతు ఇల్లు కట్టరాదు, చెరువు తవ్వరాదు, చెట్టు నాటరాదు. పంటనష్టం కాక, ఆ హక్కుకు చట్టం నిర్ణయించిన పరిహారం భూమి మార్కెట్ విలువలో 10 శాతం. ఒక వ్యవసాయ కుటుంబం తన భావి అవకాశాన్ని దేశానికి ఇచ్చినప్పుడు ఈ ప్రమాణం చాలునా అన్నది ఆలోచించవలసిన విషయం. ఒకేసారి ఇచ్చే పరిహారం బదులు, గొట్టం పనిచేసినంతకాలం ఏటా కౌలు వలె చెల్లించే పద్ధతి పరిశీలించదగినది.

ప్రాణభద్రత అంతకంటె ముఖ్యం. బొగ్గుపులుసు వాయువు మండదు, పేలదు. కాని గాలికంటె బరువైనది. పల్లపు చోట్ల పేరుకొని ఊపిరి ఆడనీయదు. 1986లో కామెరూన్ దేశంలోని న్యోస్ సరస్సు నుండి సహజంగా వెలువడిన ఈ వాయువు సుమారు 1,700 మందిని నిద్రలోనే బలిగొన్నది. 2020 ఫిబ్రవరిలో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, సటార్షియా గ్రామం సమీపాన ఈ వాయువు గొట్టం పగిలి, 200 మందికి పైగా ఇండ్లు వదలవలసి వచ్చింది. సుమారు 45 మంది ఆసుపత్రి పాలయ్యారు. సరిగా వేసి, కవాటాలు తగినంత దగ్గరగా అమర్చి, ఎల్లవేళలా కాపలా ఉంచిన గొట్టం ప్రమాదకరం కానక్కరలేదు. అయితే జనసాంద్రమైన బెంగాల్ గ్రామసీమల గుండా పోయే గొట్టం గురించి అక్కడి పంచాయతీకి, బడికి, ఆరోగ్య కేంద్రానికి వారి భాషలో ముందే తెలియజేయకపోతే ఎంత మంచి గొట్టమైనా ప్రజల విశ్వాసం పొందదు.

మరొక ఆక్షేపణ తరచుగా వినవస్తున్నది. సంగ్రహణ పేరు చెప్పి బొగ్గును యథేచ్ఛగా కాల్చడానికి ఇది సాకు అవుతుందని, వాయువును పట్టడానికే ఎంతో శక్తి ఖర్చవుతుందని విమర్శకులు అంటున్నారు. ఈ విమర్శను తోసిపుచ్చరాదు. ద్రావణాన్ని వేడిచేయడానికి, వాయువును అదమడానికి శక్తి కావాలి. ఇతర దేశాలలో కొన్ని విద్యుత్కేంద్రాలు తలపెట్టినంత వాయువును పట్టలేకపోయాయి కూడా. అందుచేత క్రమం తప్పరాదు. ముందు శక్తి పొదుపు, తరువాత శుభ్రమైన విద్యుత్తు, పాత ఉక్కును కరిగించి తిరిగి వాడుకోవడం, కొత్త పద్ధతులు. వీటన్నిటి తరువాత కూడా మిగిలే సిమెంటు, ఉక్కు, రసాయనాల వాయువుకే ఈ ఉమ్మడి మార్గం.

ముందే తేల్చవలసినవి

ఇంతవరకు చెప్పిన అనుభవాల సారం కొన్ని మాటలలో కూర్చవచ్చు. మొదటిది, అధికారం. కేంద్రం, రాష్ట్రాల మధ్య హద్దును శాసనం స్పష్టంగా గీయాలి. రెండవది, అందరికీ ప్రవేశం. ప్రజాధనంతో వేసిన గొట్టంలో చిన్న కర్మాగారానికి కూడా పెద్దదానితో సమానమైన రుసుముపై చోటు దొరకాలి. మూడవది, భారాల పంపిణీ. దామోదర్ చట్టం వ్యయాన్ని పంచినట్లే, భూమి ఇచ్చినవారి కష్టాన్ని, నిల్వను కాచేవారి బాధ్యతను కూడా ముందే తూచి పంచాలి. నాలుగవది, దీర్ఘకాలపు కాపలా. కర్మాగారం ఆయుర్దాయం కొన్ని దశాబ్దాలు. దాచిన వాయువు శతాబ్దాలపాటు కదలకుండా ఉండాలి. ఐరోపా సమాజం 2009లో చేసిన నిబంధన ప్రకారం నిల్వస్థలం మూసిన తరువాత సాధారణంగా కనీసం 20 ఏళ్లు నిర్వాహకుడే బాధ్యుడు. ఆ పిమ్మట, నిల్వ నిలకడగా ఉన్నదని రుజువైతే, ప్రభుత్వం స్వీకరిస్తుంది. అటువంటి నియమం, దానికి కావలసిన నిధి మనకు కూడా అవసరం.

1863లో కలకత్తా నగరం కంటికి కనిపించే పొగకు చట్టం వ్రాసుకున్నది. ఇప్పుడు కంటికి కనిపించని వాయువుకు చట్టం వ్రాయవలసిన వంతు దేశానికి వచ్చింది. ఝార్ఖండ్ ఖనిజం, బెంగాల్ కొలిమి, ఆంధ్ర తీరపు రేవు, తెలంగాణ శిల, ఇవన్నీ ఒకే గొట్టపు వరుసలో కలిసే అవకాశం ముందున్నది. ఆ కలయిక పరస్పర అనుమానాలకు తావివ్వక పరస్పర ప్రయోజనంగా నిలవాలంటే, మొదటి కందకం తవ్వకముందే లెక్క తేలాలి. కలిసి నిర్మించిన రైలుమార్గాలు, విద్యుత్ తీగలు దేశాన్ని దగ్గర చేశాయి. న్యాయమైన పునాదిపై వేస్తే ఈ గొట్టం కూడా ఆ కోవలో చేరుతుంది.